అప్రియమైన సత్యం ఎవరు చెప్పాలి?

పోయిన వారం జడభరతుడి వీడియో పెట్టాం కదా, అది చూసి ఒక తల్లి మనకి మెసేజ్ పెట్టారు. వాళ్ల బాబుకి మూడేళ్లు దాటాయట. పిలిస్తే పలకడు, మాటలు లేవు, తన లోకంలో తను ఉంటాడు. వీడియో చూశాక వాళ్ల అత్తగారు "వీడు జడభరతుడేనమ్మా, పూర్వజన్మ జ్ఞాని, కంగారు పడకు" అన్నారట. "ఆ మాట విన్నాక ధైర్యంగా ఉంది. కానీ రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు" అని రాశారు. అంతే. ప్రశ్నేమీ అడగలేదు.

ఛానల్‌కి ఎడిటింగ్, టెక్నికల్ పనులు చూసేది నేనే కాబట్టి మెసేజ్‌లు ముందు నేనే చదువుతాను. మూడుసార్లు జవాబు టైప్ చేసి చెరిపేశాను. పగలు ఆఫీసులో కోడ్ రాసేవాడిని, నాకేం తెలుసు అన్నది ఒక సంకోచం. అంతకంటే పెద్దది ఇంకొకటి ఉంది. ఇలాంటి చోటే, మా సొంత ఇంట్లో, చెప్పాల్సిన మాట చెప్పకుండా నేను ఏడాది పైగా మిన్నకున్నాను. అదేదో ముందు మీకు చెప్పేస్తే ఆ అమ్మకి జవాబు రాయడం తేలికవుతుందేమో అని ఈ పోస్ట్.

మాది కోనసీమలో కొత్తపేట దగ్గర ఒక ఊరు. అక్కకి మేనబావతోనే పెళ్లయింది, ఆయనది కొబ్బరికాయల వ్యాపారం. వాళ్ల బాబుని ఇంట్లో బుజ్జి అంటాం. వాడికి 2 సంవత్సరాల 8 నెలలప్పుడు సంక్రాంతికి నేను హైదరాబాద్ నుంచి వెళ్లాను. అరుగు మీద కూర్చుని వాడు హనుమాన్ చాలీసా మొత్తం చెప్పేశాడండి. ఒక్క అక్షరం పోలేదు. ఫోన్‌లో రోజూ వినే గొంతు ఎక్కడ సాగదీస్తుందో అక్కడే సాగదీశాడు, ఎక్కడ ఊపిరి పీలుస్తుందో అక్కడే పీల్చాడు. చివర్లో అదే స్వరంతో "మరిన్ని భక్తి వీడియోల కోసం మన ఛానల్‌ని సబ్‌స్క్రైబ్ చేసుకోండి" అని కూడా చెప్పాడు. అందరం పడీపడీ నవ్వాం. వీడియో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది నేనే. "ఆంజనేయస్వామి అంశ", "పూర్వజన్మ సంస్కారం" అని నలభై మెసేజ్‌లు వచ్చాయి. అమ్మమ్మ ఉప్పు, ఎండుమిరపకాయలు తీసుకొచ్చి దిష్టి తీసేసింది.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక వాడు నా దగ్గరకొచ్చాడు. నా మొహం వైపు చూడలేదు. నా మణికట్టు పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్లి నా చేతిని బిందె మీద పెట్టాడు. దాహం వేసింది, అంతే. "మంచినీళ్లు" అనే ఒక్క మాట లేదు. వేలు చూపించడం కూడా లేదు. గరిటెతో కూర తీసుకున్నట్టు నా చేతిని వాడుకున్నాడు. నలభై చౌపాయిలు అప్పజెప్పగలిగినవాడు నీళ్లు అడగలేకపోయాడు.

నాకు నిద్ర పట్టలేదు. ఫోన్ తీసి వెతికాను. విన్నది విన్నట్టు తిరిగి పలకడాన్ని ఎకోలాలియా అంటారని, పిలిస్తే తిరగకపోవడం, వేలితో చూపించకపోవడం, ఎదుటివాళ్ల చేతిని పనిముట్టులా వాడటం, ఇవన్నీ కలిస్తే ఆటిజం ఉందేమో చూపించుకోవాలని తెల్లవారేసరికి నాకు తెలిసిపోయింది. పొద్దున్న అక్క కాఫీ ఇస్తూ "ఏంట్రా, కళ్లు అలా ఉన్నాయి?" అంది. "దోమలే" అన్నాను.

ఎందుకు చెప్పలేదు? నేను నాకు చెప్పుకున్న కారణం చాలా గౌరవంగా ఉండేది. అప్రియమైన సత్యం చెప్పకూడదని పెద్దలు అన్నారు కదా! మనుధర్మశాస్త్రంలోది ఆ మాట. చిన్నప్పుడు స్కూల్లో సుభాషితంగా నేర్పించారు. పండగ పూట, నవ్వుతున్న ఇంట్లో, అక్క మొహం చూసి ఆ మాట ఎలా అంటాం? పైగా నేను డాక్టర్ని కాదు. తప్పయితే? ఇలా ఒకదాని మీద ఒకటి పేర్చుకున్నాను. మా ఆఫీసులో ఎవడైనా లాగ్‌లో వార్నింగ్ కనబడ్డాక "నాది ఆ మాడ్యూల్ కాదు" అని ఊరుకుంటే నేనే తిడతాను.

చాలా రోజుల తర్వాత ఆ శ్లోకం మళ్లీ చూశాను. మనందరం సగమే గుర్తుపెట్టుకున్నాం అండి. అప్రియమైన నిజం చెప్పవద్దన్న వెంటనే, ప్రియంగా ఉందని అబద్ధం కూడా చెప్పవద్దని అందులోనే ఉంది. అంటే ఆ శ్లోకం నోరు మూసుకునేవాడికి తప్పించుకునే దారి ఇవ్వడం లేదు. నేను "దోమలే" అన్నానే, అది ప్రియమైన అబద్ధం. ఇక ఉద్యోగపర్వంలో విదురుడు ధృతరాష్ట్రుడికి చెప్పింది ఇంకా సూటిగా ఉంటుంది. తీపి మాటలు చెప్పేవాళ్లు ఎప్పుడూ దొరుకుతారు, చేదైనా మేలు చేసే మాట చెప్పేవాడూ వినేవాడూ దొరకడం కష్టం అంటాడు. రామాయణంలో మారీచుడు రావణుడికి చెప్పేదీ ఇదే. మేలు చేసేదానికి అక్కడ వాడిన మాట "పథ్యం". జ్వరం వస్తే మనింట్లో "పథ్యం పెట్టాలి" అంటామే, అదే. నోటికి సయించదు, ఒంటికి కావాలి. సత్యం చెప్పడంలో ఉన్న అసలు ధర్మసందేహం ప్రియమా అప్రియమా అన్నది కాదని, పథ్యమా కాదా అన్నదని నాకు అప్పటికి అర్థమైంది. ఆలస్యంగా.

ఆ మధ్యలో ఏడాదిన్నర గడిచింది. ఆ ఏడాదిన్నరలో మా ఇంట్లో ఏమేం జరిగాయో మీలో చాలామందికి నేను చెప్పక్కర్లేదు, మీ ఇళ్లలోనూ జరిగే ఉంటాయి. "మగపిల్లలకి మాటలు లేటండి, వీళ్ల మావయ్యకి నాలుగో ఏట వచ్చాయి" అన్నారు. వసకొమ్ము అరగదీసి తేనెతో నాకించారు. గలగలా మాట్లాడే పిల్లల్ని వసపిట్ట అంటాం కదా, ఆ నమ్మకం అంత పాతది. (శుద్ధి చేయని వస పసిపిల్లలకి పెట్టొద్దని ఆయుర్వేదం చదివినవాళ్లే అంటారు, అది ఎవరూ వినరు.) నాలుక కింద నరం కోయిస్తే సరిపోతుందన్నారు. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం పూట బయట తిరిగావా అని అక్కని అడిగారు. ఒక డాక్టర్ గారు కూడా రెండు నిమిషాలు చూసి "స్కూల్లో వేస్తే నలుగురు పిల్లల్తో కలిసి అవే వస్తాయి" అని పంపేశారు. చెవులు వినబడుతున్నాయో లేదో పరీక్ష చేయించమని కూడా అనలేదు. మాట రాని బిడ్డకి మొట్టమొదట చేయించాల్సింది వినికిడి పరీక్ష, ఇది నేను తర్వాత తెలుసుకున్నాను.

మందపల్లి కూడా వెళ్లాం. మా ఊరికి దగ్గరే. శనిత్రయోదశి నాడు మందేశ్వరస్వామికి తైలాభిషేకం చేయించాలని ఎక్కడెక్కడి నుంచో వస్తారు, క్యూ రోడ్డు మీదకి వచ్చేస్తుంది. బుజ్జిగాడు గుడి గంట మోగినప్పుడల్లా రెండు చెవులూ గట్టిగా మూసుకుని నేలమీద కూర్చుండిపోయాడు. వెనకాల ఒకావిడ "పిల్లాడికి కాస్త భయం భక్తి నేర్పాలమ్మా" అంది. అక్క ఏమీ అనలేదు. వాడిని ఎత్తుకుని క్యూలోంచి బయటికి వచ్చేసి, చెట్టు కింద నిలబడి ఏడ్చింది.

నేను ఆ రోజు శనిదేవుడి గురించే ఆలోచిస్తూ ఉండిపోయాను. ఆయన పేర్లలో మందుడు ఒకటి. శనైశ్చరుడు అంటే మెల్లగా నడిచేవాడు. సూర్యుడి చుట్టూ ఒక్కసారి తిరగడానికి ఆయనకి ఇరవై తొమ్మిదిన్నరేళ్లు పడుతుంది. పురాణాల్లో ఆయనకి కాలు కుంటు కూడా. మెల్లగా నడిచే దేవుడికి పీపాల కొద్దీ నువ్వులనూనె పోసి దణ్ణం పెట్టుకుంటున్నాం, మెల్లగా ఎదిగే పిల్లాడు పక్కన నిలబడితే "మందబుద్ధి" అని తిట్టుపదం వాడుతున్నాం. మాట ఒకటే.

చివరికి చెప్పింది ఎవరో తెలుసా అండి? మా ఊరి అంగన్‌వాడీ టీచర్ గారు. బీటెక్ చదివి, రాత్రంతా ఇంటర్నెట్ వెతికిన నేను కాదు. ఆవిడ అక్కతో "ఏమ్మా, నేను పదిరోజుల నుంచి చూస్తున్నానండి. బాబు పేరు పెట్టి పిలిస్తే తిరగడం లేదు, గిన్నె మూత కింద పడితే మాత్రం తిరుగుతున్నాడు. కాకిని చూడరా అని వేలు చూపిస్తే నా వేలు దగ్గరే ఆగిపోతున్నాడు, అటు చూడడం లేదు. ఆటబొమ్మలన్నీ వరసగా పేర్చి, ఎవరైనా కదిపితే గోల పెడుతున్నాడు. ఏమీ కాకపోతే మంచిదే, ఒకసారి పెద్దాసుపత్రిలో చూపించండి" అన్నారు. ఎంత చక్కగా చెప్పారో చూడండి. జబ్బు పేరు అనలేదు. తాను చూసింది చెప్పారు, చూడాల్సిన చోటు చెప్పారు. కానీ అమ్మమ్మ ఊరుకోలేదు. "మా పిల్లాడికి పేరు పెట్టడానికి నువ్వెవరు?" అని కేకలేసి, వారం రోజులు బుజ్జిని సెంటర్‌కి పంపలేదు. ఎనిమిదో రోజు ఆ టీచర్ గారే గుడ్లు, పాల ప్యాకెట్టు పట్టుకుని ఇంటికొచ్చారు. "మామ్మగారండీ, నామీద కోపం ఉంటే ఉండనివ్వండి, బాబు కోడిగుడ్డు మానేస్తే ఎలాగండి, ఆయ్" అన్నారట. పథ్యం చెప్పేవాళ్లు తిట్లు తింటారు. తిన్నాక మళ్లీ వస్తారు.

ఆ రాత్రి అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, నీకు ముందే తెలుసా?" అని అడిగింది. సంక్రాంతి నాటి నా "దోమలే" దానికి ఎలా గుర్తుందో తెలియదు. తెలుసన్నాను. ఫోన్ పెట్టేసింది. నెల రోజులు నాతో మాట్లాడలేదు.

బుజ్జికి 4 సంవత్సరాల 2 నెలలప్పుడు ఆటిజం అని నిర్ధారణ అయింది. ఈ "నిర్ధారణ" అనే పని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన భయాల్లో సగం అది ఏమిటో తెలియక వచ్చేవే. రక్తపరీక్షలో ఆటిజం తేలదు. స్కానింగులో కనబడదు. ముందు స్క్రీనింగ్ ఉంటుంది. 16 నుంచి 30 నెలల పిల్లల కోసం ఎం-చాట్ అని 20 ప్రశ్నల జాబితా ఉంది, తల్లిదండ్రులే జవాబులు చెప్పొచ్చు. అది అలర్ట్ లాంటిది మాత్రమే, అలర్ట్ మోగిన ప్రతిసారీ సర్వర్ పడిపోయినట్టు కాదు. ఆ తర్వాత వినికిడి పరీక్ష. తర్వాత పిల్లల ఎదుగుదల తెలిసిన డాక్టరు, క్లినికల్ సైకాలజిస్టు, స్పీచ్ థెరపిస్టు కూర్చుని బిడ్డని ఆడించి చూస్తారు, తల్లిని గంటల తరబడి అడుగుతారు. మాట రాకపోవడానికి కారణం ఆటిజమే కానక్కర్లేదు. వినికిడి లోపం కావచ్చు, భాష ఒక్కటే వెనకబడి ఉండొచ్చు, మొత్తం ఎదుగుదలే నెమ్మదిగా ఉండొచ్చు. ఒక్కొక్కదానికీ చేయాల్సింది వేరు. అందుకే పేరు కావాలి.

మన దేశంలో ఆటిజాన్ని కొలవడానికి వాడే స్కేలు మన తెలుగు నేల మీదే తయారైందని మీకు తెలుసా? సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో పెట్టిన జాతీయ సంస్థ ఒకటి ఉంది. అప్పట్లో ఎన్.ఐ.ఎమ్.హెచ్ అనేవారు, ఇప్పుడు ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. ఐసా అనే ఆ స్కేలు అక్కడిదే. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కులు. 70 నుంచి ఆటిజం, 107 నుంచి మధ్యస్థం, 153 దాటితే తీవ్రం. బుజ్జికి 98 వచ్చింది. బావ ఆ కాగితం చాలాసేపు చూసి "ఇది పాస్ మార్కా, ఫెయిల్ మార్కా?" అని అడిగాడు. వెటకారంగా కాదు, నిజంగానే అడిగాడు. నంబర్లతో బతికే ఉద్యోగం నాది, అయినా ఆయనకి ఏం చెప్పాలో తెలియలేదు.

ఇది ఎక్కడో ఒకరికి వచ్చేది అనుకుంటాం. దేశంలో 5 చోట్ల, అందులో హైదరాబాద్ ఒకటి, 2 నుంచి 9 ఏళ్ల పిల్లలు దాదాపు 4 వేల మందిని పరీక్షించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, ప్రతి 8 మందిలో దాదాపు ఒకరికి వినికిడి, మాట, నేర్చుకోవడం, ఆటిజం, మూర్ఛ లాంటి 9 సమస్యల్లో కనీసం ఒకటి ఉన్నట్టు తేలింది. మన వీధిలో ఎంతమంది పిల్లలున్నారో లెక్కేసుకోండి. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఉన్నవి 7 రకాలే, ఆటిజం లేదు. 2016 చట్టంలో అవి 21 అయ్యాయి, ఆటిజం, మాట-భాష లోపం, నేర్చుకోవడంలో లోపం అన్నీ చేరాయి. చట్టానికి కూడా ఆ పిల్లలు కనబడటానికి అంతకాలం పట్టింది, మా అమ్మమ్మని ఏమనగలను?

ఇప్పుడు కర్మ దగ్గరికి వస్తాను. ఇది భక్తి ఛానల్, ఈ మాట దాటేసి వెళ్తే నేను మళ్లీ "దోమలే" అన్నట్టే. రిపోర్టు వచ్చాక మా బంధువు ఒకాయన, మంచివాడే, రోజూ సంధ్యావందనం చేసేవాడు, ఓదార్పుగా "ఏం చేస్తాం, వాడి ప్రారబ్ధం, మీ ప్రారబ్ధం" అన్నాడు. నాకు కర్మసిద్ధాంతం మీద నమ్మకం ఉంది. కానీ ఎదుటివాడి కష్టానికి నేను చెప్పే వివరణగా అది మారినప్పుడు అందులో ఏదో తేడా ఉందనిపిస్తుంది. నేనేం చేయాలో నాకు చెప్పడానికి ఉన్న మాటని, వాడికి ఎందుకు జరిగిందో చెప్పడానికి వాడేస్తున్నాం. నా ముందున్న బిడ్డకి దాహం వేస్తే, ఆ దాహం ఏ జన్మ ఫలమో నాకు తెలియదు, తెలుసుకోలేను. నీళ్లు ఇవ్వడమా మానడమా అన్నది మాత్రం ఈ జన్మలో, ఈ నిమిషంలో నా కర్మ. యోగవాసిష్ఠం మొదట్లోనే వసిష్ఠుడు రాముడికి దైవం అని చేతులు ముడుచుకోవద్దని, పౌరుషమే ప్రధానమని పేజీల కొద్దీ చెబుతాడు. రాముడంతటివాడికే ఆ మాట అన్నిసార్లు చెప్పాల్సి వచ్చింది మరి.

పోనీ ఇదేదో మన మూఢనమ్మకం అనుకుని సిగ్గుపడాల్సిన పని కూడా లేదు. 1943లో అమెరికాలో లియో కానర్ అనే డాక్టరు 11 మంది పిల్లల గురించి రాసి ఆటిజానికి ఆ పేరు స్థిరపరిచాక, అక్కడి చదువుకున్నవాళ్లు కొన్ని దశాబ్దాలు ఏమన్నారో తెలుసా? తల్లి ప్రేమగా ఉండకపోవడం వల్లే వస్తుందన్నారు. "రిఫ్రిజిరేటర్ తల్లులు" అని పేరు కూడా పెట్టారు. ఆటిజం ఉన్న బాబు తండ్రే అయిన బెర్నార్డ్ రిమ్లాండ్ అనే సైకాలజిస్టు 1964లో అది తప్పని పుస్తకం రాయాల్సి వచ్చింది. మా ఊళ్లో గ్రహణం, అక్కడ ఫ్రిజ్. ఎటు తిరిగినా వేలు అమ్మ వైపే. మేనరికం సంగతి కూడా అక్కకి చాలామంది గుర్తుచేశారు. పుట్టు చెవుడు, బుద్ధి ఎదుగుదల లోపం లాంటి కొన్నిటికి దగ్గరి సంబంధాలు ప్రమాదం పెంచుతాయి, అది నిజమే, పెళ్లికి ముందు మాట్లాడుకోవాల్సిన విషయమే. పుట్టిన బిడ్డ ముందు, ఆ తల్లిని నిలబెట్టి మాట్లాడాల్సింది కాదు.

ఇక జడభరతుడు. ఆ అమ్మ గారి అత్తగారు అన్న మాట తీసిపారేసేది కాదండి, అందులో ఒక ప్రేమ ఉంది. మనవడిని తక్కువగా చూడటానికి ఆవిడ మనసొప్పక, భాగవతంలోంచి ఒక పెద్ద పీట తెచ్చి వేసింది. కానీ కథ ఇంకోసారి చూద్దాం. భరతుడు లేడిపిల్ల మీద మమకారంతో లేడిగా పుట్టి, ఆ తర్వాత జన్మలో మళ్లీ బంధాల్లో పడకూడదని జడుడిలా, మూగవాడిలా ఉండిపోయాడు. రహూగణ మహారాజు పల్లకి మోయిస్తే, చీమల్ని తొక్కకుండా చూసుకుని నడవడంతో పల్లకి కుదిసింది. రాజు తిట్టాడు. అప్పుడు ఆయన నోరు విప్పాడు, ఎంత మాట్లాడాలో అంత మాట్లాడాడు. అంటే ఆ మౌనం ఆయన ఎంచుకున్నది. మా బుజ్జికి ఒకసారి రాత్రంతా చెవిపోటు వచ్చింది. ఎక్కడ నొప్పో చెప్పలేక తలని గోడకేసి కొట్టుకున్నాడు. ఆ మౌనం వాడు ఎంచుకున్నది కాదు. ఈ రెంటికీ ఒకే పేరు పెడితే జడభరతుడికీ న్యాయం జరగదు, బుజ్జికీ జరగదు. నాకు ఆ కథలో పట్టుకోవాలనిపించేది రహూగణుడిని. విన్న వెంటనే పల్లకి దిగాడు చూడండి, అది.

పేరు పెడితే బిడ్డ మీద ముద్ర పడిపోతుందని మీ భయం నాకు తెలుసు. మాకూ పడింది. రెండు ప్రైవేటు స్కూళ్లు రిపోర్టు చూడగానే సీట్లు లేవన్నాయి. చెల్లెలి సంబంధాల విషయంలో పెళ్లిళ్ల పేరయ్య "బాబు సంగతి ముందే చెప్పాలాండీ?" అని నసిగాడు. ఇవి చిన్నవి కావు, నేను తేలిక చేసి చెప్పను. తప్పు నిర్ధారణలూ ఉంటాయి, అందుకే అనుమానం ఉంటే రెండో చోట చూపించాలి. "ఆరు నెలల్లో పూర్తిగా నయం" అని లక్షలు అడిగేవాళ్లూ ఉన్నారు, వాళ్ల నుంచి మాత్రం పరిగెత్తండి. కానీ విష్ణుమూర్తికి వెయ్యి పేర్లు చెప్పుకున్నాక కూడా ఆయన అయిపోయాడని ఎవరూ అనుకోరు కదా. బుజ్జికి ఆటిజం అన్నది ఒక పేరు. వాడికి పూతరేకుల కాగితం చప్పుడు ఇష్టం, అంతర్వేది తీర్థంలో కొన్న బొమ్మ రథం చక్రం తిప్పడం ఇష్టం, గోదావరి మీద పంటు ఎక్కితే అరుపులు ఆపేసి నీళ్ల వైపు చూస్తూ కూర్చుంటాడు. ఇవేవీ ఆ 40 ప్రశ్నల్లో లేవు.

ఆ అమ్మ గారికి నేను చివరికి రాసిన జవాబు ఇది, కొంచెం మార్చి ఇక్కడ పెడుతున్నాను. అమ్మా, బాబుకి ఏముందో నేను చెప్పలేను, చెప్పకూడదు. కానీ ఏడాదికి వేలితో చూపించకపోయినా, ఏడాదిన్నరకి ఒక్క మాట రాకపోయినా, రెండేళ్లకి సొంతంగా రెండు మాటలు కలిపి అనకపోయినా, వచ్చిన మాటలు ఏ వయసులోనైనా పోయినా చూపించుకోవాలి. విన్నది అప్పజెప్పడం ఇందులో లెక్కలోకి రాదు. ముందు వినికిడి పరీక్ష చేయించండి. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందాలు అంగన్‌వాడీలకి ఏడాదికి రెండుసార్లు వస్తాయి. అనుమానం ఉన్న పిల్లల్ని పంపడానికి ఆ పథకంలోనే జిల్లా స్థాయిలో సత్వర చికిత్సా కేంద్రాలు పెట్టారు. మీ ఆశా కార్యకర్తనో, అంగన్‌వాడీ టీచర్‌నో అడగండి. బడి వయసుకి భవిత కేంద్రాలు ఉన్నాయి. మొక్కు ఉంటే తీర్చుకోండి, మొక్కుకి అపాయింట్‌మెంట్ అడ్డు రాదు. అత్తగారితో గొడవ పడకండి, ఆవిడని కూడా ఆసుపత్రికి తీసుకెళ్లండి. మీకు నిద్ర పట్టడం లేదన్నారు చూడండి, ఆ నిద్ర పట్టకపోవడాన్ని నమ్మండి.

మెసేజ్‌కి రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు ఇంకా రాలేదు.

బుజ్జికి ఇప్పుడు ఐదున్నర. బొమ్మల కార్డులు పెట్టుకుని అడుగుతాడు. నీళ్ల కార్డు ఒకటి అంచులు నలిగిపోయి మూడోసారి లామినేషన్ చేయించాం. మొన్నటి దాకా "నీ" అనేవాడు, ఇప్పుడు "నీళ్లు" అంటున్నాడు. అమ్మమ్మ వాడి థెరపీకి తనే ఆటోలో తీసుకెళ్తుంది, దారిపొడుగునా డ్రైవరుకి ఆటిజం గురించి చెబుతుందట. అక్క నాతో మాట్లాడుతుంది. ఆ ఏడాదిన్నర గురించి మేమిద్దరం మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

థెరపిస్టు ఒక పని చెప్పారు. చాలీసా వాడి నోట్లో ఎలాగూ ఉంది, దాన్నే వాడుకోమన్నారు. వాడితో కలిసి చెబుతూ మధ్యలో ఒక మాట దగ్గర మీరు ఆగిపోండి, ఆగి వాడి మొహం వైపు చూస్తూ ఎదురుచూడండి, తొందరపడి మీరు పూర్తి చేయకండి అన్నారు. మొదట్లో మనం ఆగినా వాడు ఆగేవాడు కాదు, రైలు వెళ్లిపోయినట్టు వెళ్లిపోయేవాడు. పోయిన ఆదివారం అరుగు మీద కూర్చుని చెబుతున్నాం. ఐదో చౌపాయి చివరి మాట దగ్గర నేను ఆగాను. వాడూ ఆగాడు. రథం చక్రం తిప్పడం ఆపి, మెల్లగా తలెత్తి నా మొహంలోకి చూశాడు. ఆ తర్వాత మాట అందించాడు, ఫోన్‌లో గొంతుతో కాదు, వాడి గొంతుతో.